గ్రూపులో బాట్ తప్పు చెబితే నష్టం ఎవరికి? హెల్పర్ బాట్‌ను బాగు చేయడం ఎలా?

నిజామాబాద్‌లో ఒక తల్లి రాత్రి పదకొండు గంటలకు పిల్లల్ని పడుకోబెట్టి ఫోన్ పట్టుకుంది అనుకుందాం. చదువుల విషయంలో సాయం చేసుకోవడానికి కొందరు యువకులు నడిపే ఆన్‌లైన్ గ్రూపులో ఆమె సభ్యురాలు. "మా బాబు నాలుగో తరగతి. సెంట్రల్ గవర్నమెంట్ మైనారిటీ స్కాలర్‌షిప్‌కి ఏమేం కావాలి?" అని అడిగింది. ఆ టైంలో మనుషులెవరూ లేరు. గ్రూపులో పెట్టిన బాట్ మాత్రం రెండు సెకన్లలో జవాబిచ్చింది. ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్, ఫోటో, ఆధార్ అంటూ పెద్ద లిస్టు.

మర్నాడు ఆమె పని మానుకుని మీసేవకు వెళ్లింది. ఆదాయ ధ్రువపత్రానికి డబ్బు కట్టింది, రెండు రోజులు తిరిగింది. తీరా అప్లై చేయబోతే తెలిసింది, కేంద్రం ఇచ్చే ప్రీ మెట్రిక్ మైనారిటీ స్కాలర్‌షిప్‌ను 2022-23 నుంచి 9, 10 తరగతులకే పరిమితం చేశారని. అంతకుముందు అది 1వ తరగతి నుంచే ఉండేది. ఎనిమిదో తరగతి దాకా చదువు విద్యాహక్కు చట్టం కింద ఉచితమే కాబట్టి స్కాలర్‌షిప్ అక్కర్లేదని కేంద్రం చెప్పిన కారణం.

ఇందులో బాట్ అబద్ధం చెప్పలేదు. 2021లో ఎవరో రాసిపెట్టిన జవాబునే చెప్పింది. ఆ జవాబును మార్చాలన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఈ తల్లి కథ ఊహే, కానీ రూల్ మారిన మాట మాత్రం నిజం. పాత జవాబు చెప్పే బాట్లు ఇలాంటి తిప్పలు ఎన్నైనా పెట్టగలవు. మన పిల్లలు చాలామంది ఇప్పుడు కోడింగ్ నేర్చుకుని సొంతంగా బాట్లు తయారుచేస్తున్నారు. అందుకే బాట్‌ను పెట్టడం కంటే దాన్ని బాగు చేయడం ఎలాగో తెలుసుకోవడం ముఖ్యం.

అసలు వర్క్‌స్పేస్ ఏంటి, బాట్ ఏంటి?

వాట్సాప్ గ్రూపు ఒకే పెద్ద హాలు లాంటిది. అందరి మాటలూ ఒకే చోట కలిసిపోతాయి. స్లాక్, డిస్కార్డ్ లాంటివి గదులున్న ఇల్లు లాంటివి. స్కాలర్‌షిప్‌లకు ఒక గది, ఉద్యోగాలకు ఒక గది, పరీక్షలకు ఒక గది. ఈ గదుల్ని చానెళ్లు అంటారు, మొత్తం ఇంటిని వర్క్‌స్పేస్ అంటారు. స్లాక్ 2014లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. కంపెనీల కోసం తయారైనా, ప్రోగ్రామర్ల సంఘాలు, వలంటీర్ల గ్రూపులు కూడా దాన్ని బాగా వాడుకుంటున్నాయి. డిస్కార్డ్ 2015లో గేమ్స్ ఆడేవాళ్ల కోసం వచ్చి, ఇప్పుడు చదువుల గ్రూపులకూ పాకింది.

బాట్ అంటే ఆ ఇంట్లో సభ్యుడిలా కనిపించే ఒక ప్రోగ్రామ్. దానికీ ఒక పేరు, ఒక ఫోటో ఉంటాయి. ఎవరైనా కొత్తగా చేరితే సలాం చెప్తుంది, అడిగిన ప్రశ్నకు రాసిపెట్టిన జవాబు ఇస్తుంది, గడువు దగ్గర పడితే గుర్తు చేస్తుంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1966లోనే అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ప్రొఫెసర్ ఎలైజా అనే మాట్లాడే ప్రోగ్రామ్‌ను చూపించారు. దానికి ఏమీ అర్థమయ్యేది కాదు. మనం అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడిగేది. అయినా జనం దానితో మనసు విప్పి మాట్లాడేవారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

బాట్ అవసరం ఎందుకు వస్తుంది?

స్లాక్‌ను డబ్బు కట్టకుండా వాడేవాళ్లకు చివరి 90 రోజుల మెసేజ్‌లే కనిపిస్తాయి. 2022 సెప్టెంబర్‌కు ముందు 10,000 మెసేజ్‌ల లెక్క ఉండేది, తర్వాత 90 రోజుల లెక్కకు మార్చారు. 2024 ఆగస్టు నుంచి ఏడాది దాటిన మెసేజ్‌లను ఉచిత ఖాతాల్లో పూర్తిగా తీసేయడం మొదలైంది.

అంటే పోయిన ఏడాది ఒక సీనియర్ ఓపిగ్గా రాసిన జవాబు ఈ ఏడాది ఉండదు. అదే ప్రశ్న మళ్లీ వస్తుంది, మళ్లీ ఎవరో రాయాలి. వలంటీర్లు కూడా మనుషులే కదా. ఇరవైసార్లు ఒకే జవాబు రాశాక విసుగొస్తుంది. ఇరవై ఒకటోసారి అడిగిన కొత్త పిల్లకు "పైన చూసుకో" అని కసురుతారు. ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు. మంచి బాట్ ఈ రెండు నష్టాల్నీ ఆపుతుంది. జవాబును దాచి ఉంచుతుంది, ఎన్నిసార్లు అడిగినా ఒకే మర్యాదతో చెబుతుంది.

మొదట కోడ్ కాదు, ప్రశ్నలు చదవాలి

బాట్ బాగా పనిచేయడం లేదంటే చాలామంది వెంటనే కోడ్ తెరుస్తారు. కొత్త ఫీచర్లు కలుపుతారు. జోకులు చెప్పే కమాండ్, వాతావరణం చెప్పే కమాండ్ పెడతారు. అవి అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

చేయాల్సిన మొదటి పని వేరే. పోయిన నెలలో బాట్‌ను ఏమేం అడిగారో, దేనికి సరైన జవాబు ఇచ్చిందో, దేనికి ఇవ్వలేదో ఒక పట్టిక రాయాలి. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాగే. నాలుగు గడులు చాలు: ప్రశ్న, బాట్ ఇచ్చిన జవాబు, అది సరైందా కాదా, సరికాకపోతే ఎందుకు. వంద ప్రశ్నలు ఇలా రాస్తే తప్పులు ఎక్కడున్నాయో కళ్లకు కడతాయి. చాలాసార్లు కొన్ని ప్రశ్నలే మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి. వాటి జవాబులు సరిచేస్తే సగం పని అయినట్టే.

ఈ పట్టికలో పేర్లు, ఫోన్ నంబర్లు రాయకూడదు. ప్రశ్న ముఖ్యం, అడిగింది ఎవరన్నది కాదు.

"ఫీజు" అనగానే పరుగెత్తే బాట్

సాదా బాట్లు ఎక్కువగా మాటను పట్టుకుని జవాబిస్తాయి. మెసేజ్‌లో "ఫీజు" అని కనిపిస్తే పరీక్ష ఫీజు జవాబు పెట్టమని రాసి ఉంటుంది. ఒక డిగ్రీ విద్యార్థి "ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదు, ఎవరిని అడగాలి?" అంటే బాట్ పరీక్ష ఫీజు వివరాలు పెడుతుంది. అలాగే "డేట్" అనే మాటను పట్టుకోమంటే, "ఏదైనా అప్‌డేట్ ఉందా భాయ్" అన్నా చివరి తేదీల లిస్టు పెడుతుంది. ఎందుకంటే "అప్‌డేట్"లో "డేట్" దాగి ఉంది.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి, మాటను పూర్తి మాటగానే చూడమని చెప్పాలి, ముక్కగా కాదు. రెండు, పొడవైన మాటల్ని ముందు చూడమనాలి. "ఫీజు రీయింబర్స్‌మెంట్" ఉందా అని చూశాకే "ఫీజు" దగ్గరికి రావాలి. అప్పటికీ అనుమానం ఉంటే బాట్ ఊహించకుండా అడగాలి: "మీరు పరీక్ష ఫీజు గురించి అడుగుతున్నారా, రీయింబర్స్‌మెంట్ గురించా?" అని రెండు బటన్లు చూపిస్తే చాలు. స్లాక్, డిస్కార్డ్, టెలిగ్రామ్ మూడింటిలోనూ బటన్లు పెట్టే వీలుంది.

మన భాషలు దానికి అర్థం కావాలి

మన ఇళ్లల్లో ఒకే వాక్యంలో మూడు భాషలు దొర్లుతాయి. "ఫారం కబ్ తక్ భర్నా?" అని ఒకరు, "లాస్ట్ డేట్ ఎప్పుడు?" అని ఇంకొకరు, "ఆఖరి తారీఖ్ చెప్పండి ఆపా" అని మరొకరు. ముగ్గురూ అడిగింది ఒకటే. వీటిలో కొన్ని తెలుగు లిపిలో వస్తాయి, కొన్ని ఉర్దూ లిపిలో, ఎక్కువ భాగం ఇంగ్లిష్ అక్షరాల్లో. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు స్పెల్లింగ్‌కు పద్ధతంటూ ఉండదు. ఎవరి ఇష్టం వాళ్లది.

అందుకే ఒక్కో జవాబుకు ఒక మాట కాదు, జనం నిజంగా వాడే పది పదిహేను మాటల జాబితా ఉండాలి. ఆ జాబితా మనం కూర్చుని ఊహించేది కాదు. పైన చెప్పిన పట్టికలోంచి తీసుకోవాలి. తెలుగులో ఇంకో చిక్కు ఉంది. మాట చివర మారిపోతూ ఉంటుంది. ఫీజు, ఫీజుకి, ఫీజులు, ఫీజెంత. నాలుగూ ఒకటేనని మనిషికి చెప్పనక్కర్లేదు, ప్రోగ్రామ్‌కు చెప్పాలి.

కంటికి కనిపించని తేడాలు కూడా ఉంటాయి. "స్కాలర్‌షిప్" అని రాసేటప్పుడు కొన్ని కీబోర్డులు "ర్" తర్వాత కనిపించని ఒక గుర్తు పెడతాయి. అది లేకపోతే "స్కాలర్షిప్" అని ఒత్తుతో కలిసిపోతుంది. మనకు రెండూ ఒకటే, కంప్యూటర్‌కు రెండు వేర్వేరు మాటలు. ఉర్దూలోనూ ఇంతే. అరబిక్ కీబోర్డు పెట్టే "యే", "కాఫ్" అక్షరాలు, ఉర్దూ కీబోర్డు పెట్టే "యే", "కాఫ్" చూడ్డానికి దాదాపు ఒకేలా ఉన్నా వాటి వెనక కోడ్ నంబర్లు వేరు. "అందరికీ పనిచేస్తోంది, మా నానీ ఫోన్‌లో అడిగితే మాత్రం అర్థం కాలేదంటోంది" అని ఎవరైనా అంటే ముందు చూడాల్సింది ఇక్కడే. ప్రశ్న రాగానే ఇలాంటి అక్షరాలన్నిటినీ ఒకే రూపానికి మార్చి, ఆ తర్వాతే వెతకాలి.

మర్యాద విషయం కూడా మర్చిపోవద్దు. మెషీన్ అనువాదంతో తయారైన జవాబుల్లో "నువ్వు నీ ఫారం నింపు" అని వచ్చేస్తుంది. అడిగింది అరవై ఏళ్ల పెద్దాయన కావచ్చు. తెలుగులో "మీరు", ఉర్దూలో "ఆప్" తప్ప వేరే మాట బాట్ నోట రాకూడదు. ఎవరైనా "అస్సలాము అలైకుం" అని మొదలుపెడితే "నాకు అర్థం కాలేదు" అనే బాట్లు చాలా ఉన్నాయి. సలాంకు జవాబు చెప్పి, "ఏం సాయం కావాలి?" అని అడగడం ఒక్క లైన్ పని.

ప్రతి జవాబుకూ ఒక తేదీ, ఒక బాధ్యుడు

నిజామాబాద్ తల్లి కథలో అసలు లోపం ఇదే. జవాబు కింద అది ఎప్పుడు రాసిందో లేదు. ఎవరు చూసుకోవాలో లేదు.

బాగు చేసే పద్ధతి సులువే. ప్రతి జవాబు పక్కన మూడు వివరాలు ఉంచాలి: ఎప్పుడు సరిచూశారు, ఎక్కడ సరిచూశారు, ఎవరు చూసుకుంటారు. జవాబు కింద "ఈ వివరాలు ఫలానా తేదీన నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో సరిచూసినవి" అని కనిపించాలి. మూడు నెలలు దాటితే బాట్ ఆ బాధ్యుడికి "భాయ్, ఇది ఒకసారి చూడండి" అని గుర్తు చేయాలి. ఆయన చూడకపోతే ఆ జవాబు చెప్పడం ఆపేసి, "ఇది పాతబడింది, ఆఫీసు వెబ్‌సైట్‌లో చూడండి" అనాలి. పాత జవాబు కంటే జవాబు లేకపోవడమే నయం.

మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్ సంగతే చూడండి. పీహెచ్‌డీ చేసే మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే ఈ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి కొత్తవాళ్లకు ఆపేస్తున్నట్టు కేంద్రం 2022 డిసెంబర్‌లో పార్లమెంటులో చెప్పింది. ఆ తర్వాత కూడా దాని వివరాలు చెబుతూ ఉండే బాట్ ఒక విద్యార్థి ఏడాది ప్లాన్‌ను తప్పుదారి పట్టించగలదు.

అందరి ముందా, చాటుగానా?

మంచి జవాబు కూడా తప్పు చోట ఇస్తే చికాకే. చానెల్‌లో ఐదుగురు ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటుంటే మధ్యలో బాట్ ఇరవై లైన్ల మెసేజ్ పెడితే మాటల తీగ తెగిపోతుంది. స్లాక్‌లో దీనికి మూడు దారులున్నాయి. ప్రశ్న కిందనే త్రెడ్‌లో జవాబివ్వడం ఒకటి. అడిగినవాళ్లకు మాత్రమే కనిపించేలా పెట్టడం రెండోది. వాళ్ల ఇన్‌బాక్స్‌కు నేరుగా పంపడం మూడోది.

అందరికీ పనికొచ్చే జవాబైతే త్రెడ్ మంచిది, తర్వాత వచ్చినవాళ్లూ చదువుకుంటారు. స్పెల్లింగ్ తప్పు, రూల్ తప్పు లాంటివి చెప్పాల్సి వస్తే వాళ్లకే కనిపించేలా చెప్పాలి. పదిమందిలో తప్పు ఎత్తి చూపితే ఎవరికైనా ముఖం చిన్నబోతుంది. ఆదాయం, మార్కులు, ఇంటి సమస్యల సంగతైతే చాటుగానే. కొంతమంది ఆడపిల్లలు చానెల్‌లో పేరు కనిపించేలా అడగడానికి ఇష్టపడరు. "నాతో విడిగా కూడా అడగొచ్చు" అని బాట్ మొదటి రోజే చెబితే వాళ్లు కూడా అడుగుతారు.

ఎవరైనా తెలియక ఆధార్ ఫోటోనో బ్యాంకు పాస్‌బుక్ ఫోటోనో చానెల్‌లో పెట్టేస్తారు. పన్నెండు అంకెల నంబర్ కనిపించగానే "దయచేసి ఈ మెసేజ్ తీసేయండి, ఇది గ్రూపులో అందరికీ కనిపిస్తోంది" అని వాళ్లకు మాత్రమే చెప్పి, నిర్వాహకుడికి కబురు పెట్టేలా బాట్‌ను నేర్పొచ్చు. ఫోటోలోని నంబర్ సాదా బాట్‌కు కనిపించదు కాబట్టి స్కాలర్‌షిప్ చానెల్‌లో ఫోటో పడితే ఈ హెచ్చరికే పంపడం మేలు. ఈ ఒక్క పనితో బాట్ పెట్టిన కష్టం తీరిపోతుంది.

ఒకే జవాబు నాలుగుసార్లు ఎందుకు వస్తుంది?

స్లాక్ బాట్లు తయారుచేసే కొత్తవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు ఇది. ఎవరైనా మెసేజ్ పెట్టగానే స్లాక్ ఆ సంగతిని బాట్‌కు పంపుతుంది. "అందింది" అని బాట్ మూడు సెకన్లలోపు చెప్పాలి. చెప్పకపోతే స్లాక్ అందలేదనుకుని మళ్లీ పంపుతుంది, అలా మూడుసార్ల దాకా. ఈలోగా బాట్ మొదటిదానికే జవాబు వెతుకుతూ ఉంటుంది. చివరికి నాలుగు కబుర్లకూ నాలుగు జవాబులు పెడుతుంది.

కొరియర్ వచ్చినప్పుడు మనం ఏం చేస్తాం? ముందు సంతకం పెట్టి తీసుకుంటాం, తర్వాత విప్పి చూస్తాం. బాట్ కూడా అంతే చేయాలి. ముందు "అందింది" అని చెప్పేసి, తర్వాత తీరిగ్గా జవాబు తయారుచేయాలి. ప్రతి కబురుకూ ఒక నంబర్ ఉంటుంది. ఆ నంబర్ గుర్తుపెట్టుకుని, అదే మళ్లీ వస్తే పక్కన పెట్టాలి.

ఇంకో ప్రమాదం, బాట్ తన మాటకు తానే జవాబివ్వడం. "స్కాలర్‌షిప్" అనే మాటకు స్పందించే బాట్ తన జవాబులోనే ఆ మాట వాడుతుంది. దాన్ని మళ్లీ ప్రశ్న అనుకుని మళ్లీ జవాబిస్తుంది. తెల్లారేసరికి చానెల్ నిండా బాట్ మాటలే. బాట్లు పెట్టిన మెసేజ్‌లను పట్టించుకోవద్దని ఒక్క షరతు రాస్తే ఇది ఆగిపోతుంది. ఏ మార్పు చేసినా ముందు ఇద్దరు ముగ్గురే ఉండే టెస్ట్ చానెల్‌లో చూసుకుని, తర్వాతే అందరి ముందుకు తేవాలి.

"తెలియదు" అని చెప్పడం నేర్పాలి

బాట్‌కు నేర్పాల్సిన గొప్ప మాట "నాకు తెలియదు". అయితే అక్కడితో ఆగిపోతే లాభం లేదు. "ఇది నాకు తెలియదు. మీ ప్రశ్నను ఈ వారం డ్యూటీలో ఉన్న వలంటీర్‌కు పంపాను. రేపు సాయంత్రంలోగా జవాబు వస్తుంది" అనాలి. మాట ఇచ్చాక నిలబెట్టుకునే మనిషి వెనక ఉండాలి. అందుకే బాట్ బాగుపడాలంటే వలంటీర్ల వంతుల పట్టిక కూడా ఉండాలి.

అమెరికా ప్రభుత్వంలో 2014లో మొదలై 2025లో మూతపడిన 18ఎఫ్ అనే టెక్నాలజీ విభాగం ఉండేది. కొత్త ఉద్యోగులకు అన్ని సంగతులూ మొదటి రోజే గుమ్మరించకుండా, రోజుల తరబడి కొద్దికొద్దిగా చెప్పే స్లాక్ బాట్‌ను వాళ్లు తయారుచేశారు. ఒక టీవీ సీరియల్‌లోని సెక్రటరీ పాత్ర పేరు మీద దానికి మిసెస్ లాండింగ్‌హామ్ అని పేరు పెట్టారు. ఇందులో మనకు పనికొచ్చే పాఠం ఉంది. గ్రూపులో చేరిన తొలి నిమిషంలోనే ముప్పై రూల్స్ పంపితే ఎవరూ చదవరు. మొదటి రోజు సలాం, ఒక్క ప్రశ్న: "మీరు విద్యార్థా, తల్లిదండ్రులా, ఉద్యోగం వెతుకుతున్నారా?" దాన్ని బట్టి మూడో రోజు ఒక కబురు, వారానికి ఇంకొకటి. అది చాలు.

తాళం చెవులు ఎవరి దగ్గర?

బాట్‌ను వర్క్‌స్పేస్‌లో పెట్టేటప్పుడు అనుమతులు అడుగుతుంది. మెసేజ్ పెట్టడానికి ఒకటి, చానెల్‌లో జరిగిన మాటలు చదవడానికి ఇంకొకటి, సభ్యుల ఈమెయిళ్లు చూడటానికి మరొకటి. "తర్వాత అవసరం పడొచ్చు" అని అన్నీ తీసుకోవడం మామూలే. అది తప్పు. ప్రశ్న అడిగినప్పుడు జవాబిచ్చే బాట్‌కు ఇంట్లో అందరి మాటలూ వినే అవసరం లేదు. తన పేరు పెట్టి పిలిచినప్పుడు వింటే చాలు. టెలిగ్రామ్‌లో ఈ ఏర్పాటు ముందే ఉంది. గ్రూపులో పెట్టిన మామూలు బాట్‌కు తనకు పెట్టిన కమాండ్లు, తన మెసేజ్‌లకు ఇచ్చిన జవాబుల లాంటివే అందుతాయి, అందరి మాటలూ అందవు. డిస్కార్డ్ కూడా 2022 నుంచి పెద్ద బాట్లు మెసేజ్‌లు చదవాలంటే విడిగా అనుమతి తీసుకోవాలంది.

బాట్‌కు టోకెన్ అనే రహస్య సంకేతం ఉంటుంది. అది ఇంటి తాళం చెవి. కొత్తగా నేర్చుకునే పిల్లలు దాన్ని కోడ్‌లోనే రాసి గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టేస్తుంటారు. అది దొరికినవాడు బాట్ పేరుతో గ్రూపులో ఏమైనా పెట్టొచ్చు. "ఈ లింకులో 500 కడితే స్కాలర్‌షిప్ ఖాయం" అని నమ్మకమైన బాట్ నోటితో వస్తే ఎంతమంది కడతారో ఆలోచించండి. టోకెన్‌ను కోడ్‌కు బయట విడిగా దాచాలి. బయటపడిందని అనుమానం వస్తే ఆ క్షణమే రద్దుచేసి కొత్తది తీసుకోవాలి.

ఇప్పుడు ఎలైజా సంగతి. జనం యంత్రంతో మనసు విప్పుతారని 1966లోనే తేలిపోయింది. ఒక అమ్మాయి బాట్‌కు "చదువు ఆపేయమంటున్నారు" అని రాయొచ్చు. బాట్‌కు విడిగా పంపిన మాట కూడా దాన్ని నడిపేవాళ్లకు కనిపిస్తుందని ఆమెకు తెలుసా? చెప్పకపోతే అది మోసమే. "నేను మనిషిని కాదు, ప్రోగ్రామ్‌ను. మీరు రాసింది ఇద్దరు నిర్వాహకులు చూడగలరు. ముప్పై రోజుల్లో తుడిచేస్తాం" అని మొదటే చెప్పాలి, చెప్పినట్టే చేయాలి. మనకు అప్పగించిన మాట అమానత్. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా 18 ఏళ్ల లోపువారిని పిల్లలుగానే చూస్తుంది. వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది.

ఏఐ పెడితే అన్నీ తీరిపోతాయా?

ఈ మధ్య చాలా గ్రూపులు పాత బాట్‌ను తీసేసి ఏఐ బాట్‌ను పెడుతున్నాయి. దానికి మూడు భాషలూ అర్థమవుతాయి, తప్పు స్పెల్లింగ్ కూడా అర్థమవుతుంది. అది నిజంగా మేలే. కానీ తెలియని విషయాన్ని కూడా తెలిసినంత ధీమాగా చెప్పడం దాని జబ్బు. లేని స్కీమ్‌కు లేని తేదీ చెప్పగలదు.

కెనడాలో జరిగిన కేసు ఒకటి అందరూ తెలుసుకోవాలి. నానమ్మో అమ్మమ్మో చనిపోయిన ఒక ప్రయాణికుడు ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్‌ను రాయితీ టికెట్ గురించి అడిగాడు. ముందు టికెట్ కొని, 90 రోజుల్లోపు రాయితీకి అప్లై చేయొచ్చని అది చెప్పింది. కంపెనీ రూల్ అలా లేదు. విషయం బ్రిటిష్ కొలంబియాలోని ట్రిబ్యునల్‌కు వెళ్లింది. చాట్‌బాట్ చేసిన పనికి అదే బాధ్యురాలు అన్నట్టుగా కంపెనీ వాదించింది. ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. 2024 ఫిబ్రవరిలో దాదాపు 812 కెనడా డాలర్లు కట్టమంది. అంత పెద్ద కంపెనీకే ఆ సాకు చెల్లలేదు. మన గ్రూపు నిర్వాహకుడు "నేను కాదు, బాట్ చెప్పింది" అంటే ఆ తల్లికి చెల్లుతుందా?

ఏఐ బాట్ పెట్టాలంటే దానికి కంచె వేయాలి. మనం సరిచూసి పెట్టిన జవాబుల్లోంచే తీసి చెప్పాలి, సొంతంగా కల్పించకూడదు. జవాబుతో పాటు అది ఎక్కడిదో, ఏ తేదీదో చూపించాలి. డబ్బు, గడువు, వైద్యం, కోర్టు లాంటి విషయాల్లో చివరి మాట మనిషిదే కావాలి. మతపరమైన ప్రశ్నలు వస్తే ఆలింలను అడగమని చెప్పి పక్కకు తప్పుకోవాలి. సభ్యుల మాటల నుంచి దానంతట అదే నేర్చుకునేలా వదిలేయకూడదు. 2016లో మైక్రోసాఫ్ట్ ట్విట్టర్‌లో టే అనే బాట్‌ను అలా వదిలింది. కొంతమంది కావాలని చెడు మాటలు నేర్పారు. ఒక్క రోజులోపే దాన్ని మూసేయాల్సి వచ్చింది.

బాగుపడిందని ఎలా తెలుస్తుంది?

బాట్ ఎన్ని మెసేజ్‌లు పెట్టిందన్నది లెక్క కాదు. మూడు సంగతులు చూడాలి. జవాబు అందుకున్నవాళ్లు అదే ప్రశ్న మళ్లీ అడుగుతున్నారా? "తెలియదు" అన్న ప్రశ్నల్లో ఎన్నిటికి మనిషి జవాబు చెప్పాడు? తప్పు జవాబు వచ్చిందని చెప్పడానికి సభ్యులకు సులువైన దారి ఉందా? ప్రతి జవాబు కింద "పనికొచ్చింది", "తప్పు" అని రెండు బటన్లు పెడితే మూడోది తీరిపోతుంది. "తప్పు" నొక్కిన ప్రతిదాన్నీ వారానికోసారి కూర్చుని చూడాలి.

ఇదంతా పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. స్లాక్ ఇచ్చే బోల్ట్ అనే ఉచిత పరికరంతో పైథాన్‌లో గానీ జావాస్క్రిప్ట్‌లో గానీ చిన్న బాట్‌ను డిగ్రీ చదివే పిల్లలు కొన్ని రోజుల్లో తయారుచేయగలరు. కోడ్ రాని వాళ్లకూ ఇందులో పని ఉంది. జవాబులు సరిచూసేవాళ్లు కావాలి. ఉర్దూ, తెలుగు రెండూ మంచిగా రాయగలిగేవాళ్లు కావాలి. ఇంట్లో అమ్మీకో నానీకో ఫోన్ ఇచ్చి "దీన్ని ఏదైనా అడుగు" అని పక్కన కూర్చుని చూసేవాళ్లు కావాలి. వాళ్లు తడబడిన చోటే బాట్‌లో లోపం ఉన్నట్టు.

మళ్లీ నిజామాబాద్ తల్లి దగ్గరికి వద్దాం. అదే రాత్రి, అదే ప్రశ్న. బాగుపడిన బాట్ ఇలా అంటుంది: "వ అలైకుం అస్సలాం. కేంద్ర ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ 2022-23 నుంచి 9, 10 తరగతులకే పరిమితమైంది. నాలుగో తరగతికి వర్తించదు. అప్లై చేసే ముందు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి. మీ బాబుకు వేరే సాయం ఏదైనా ఉందేమో మా వలంటీర్ రేపు మీకు చెబుతారు." నాలుగైదు లైన్లే. ఆమెకు రెండు రోజుల కూలి మిగిలింది, మీసేవ ఖర్చు మిగిలింది. రేపు ఉదయం ఆ వలంటీర్ నిజంగా ఫోన్ చేస్తే, గ్రూపు మీద నమ్మకం కూడా మిగులుతుంది.